చిట్టాలో ఉన్నది

బ్ర్నోలో ట్రాముల షెడ్డు పైన
నా గదికి ఒకటే కిటికీ. రాత్రి పని.

ఇదివరకు ఐదు నిమిషాలకోసారి
డేటాబేసు తలుపు తట్టేవాళ్ళం:
"ఏమైనా మారిందా?"
అది ఆవర్జా తెరిచి, ఉన్నది చూపేది.
మధ్యలో ఏం జరిగిందంటే
మూగనోము పట్టేది.

ఇప్పుడు చిట్టా చదువుతున్నాం.
ఆవర్జాకు ఎక్కకముందే ప్రతి రాతా అక్కడ పడుతుంది:
మునుపు ఇది, ఇప్పుడు ఇది, వేళ ఇంత.
చదివే ప్రోగ్రామును ఎవరెవరో రాసి
ఊరికే ఇచ్చారు. మొన్న అందులో తప్పు దిద్దినవారి
పేరుండాల్సిన చోట
ఒక పిల్లి బొమ్మ ఉంది.

రెండూ పదకొండుకి ఒక వరస కదిలింది.
డ్రైవరు 318. సెలవు: లేదు, ఉంది.
రెండూ పన్నెండు. ఉంది, లేదు.
మళ్ళీ ఉంది.
రెండూ పద్నాలుగుకి, లేదు.

రెండుంపావుకి ఆవర్జాలో
318 ఎప్పటిలా నాలుగున్నర బండికే ఉన్నాడు.
ఇస్త్రీ చేసినంత నున్నగా.

318 అంటే క్వెతోస్లావ్.
నిరుడు మంచులో
నా సైకిలును ట్రాములోకి ఎత్తినవాడు.

చిట్టా నకలు నేను
జీతాలవాళ్ళకి, స్టాపుల్లో వెలిగే బోర్డులకి పంపాలి.
పంపాను. వరస తప్పకుండా, ఒక్క అక్షరం పోకుండా.
వాళ్ళందరికీ చివరి మాట చాలు.

నాలుగుంపావుకి కోటు తొడుక్కున్నాను.
ఫ్లాస్కులో టీ ఇద్దరికి చాలదు.
మెట్లు దిగుతూ
ఏమని పలకరించాలా అని
ఒక వాక్యం అనుకున్నాను. చెరిపేశాను.
ఇంకొకటి అనుకున్నాను.