కుడికాలు

మూడు గంటల టీ ఇంకా గొంతులోనే ఉంది.
పీణ్య రెండో స్టేజీ, నూరు టన్నుల ప్రెస్సు.
రుద్రేశి రేకు పెట్టాలి, నేను పెడలు తొక్కాలి.
లెక్క తగ్గుతోందని సెన్సారు పీకి
ఎప్పుడో బీరువా మీద పడేశారు.
దానికి ఆనించి ఎవరో టిఫిన్ క్యారియరు పెట్టుకునేవాళ్ళు.

శబ్దం మారలేదు.
అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.
ముందటి నాలుగువేల పైచిలుకు దెబ్బలకీ
ఆ దెబ్బకీ
ఒకటే శబ్దం.
వాషరు కూడా సరిగ్గానే తెగింది.

చట్టంలో ఒక పట్టిక ఉందని వకీలు తీశాడు.
బొటనవేలికి ముప్ఫై. చూపుడువేలికి పద్నాలుగు.
ఒక చేతి వేళ్ళు నాలుగూ పోతే యాభై.
వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు.
రుద్రేశికి యాభై వచ్చింది. రావాల్సిందే.
నా కాగితంలో
'దెబ్బ తగిలిన అవయవం' అన్న గడి దగ్గర
పెన్ను కదల్లేదు.

కుడికాలు, అన్నాను చివరికి.
విక్టోరియా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు.
"ఎల్లి నోవు?" అంటూ డాక్టరమ్మ
మడమ నుంచి మోకాలి దాకా నొక్కింది.
ఎముక బాగుంది. నరం బాగుంది.
"కాలు చెన్నాగిదె."

చెన్నాగున్న కాలు బండి బ్రేకు మీద ఆనదు.
బండి అమ్మేశాను. బస్సులో
డ్రైవరు పాదం కనబడే సీట్లో కూర్చోను.
ఇంట్లో ఓబులమ్మ మిషను కుడుతుంది, జాకెట్లు, ఫాల్సులు.
ఆమె పాదం ఆడితే చాలు
సూది కింద ఆమె వేళ్ళు లెక్కపెడతాను.
మళ్ళీ లెక్కపెడతాను.
నేను బయటికెళ్ళినప్పుడు కుట్టుకుంటానంది.
నేనెక్కడికీ వెళ్ళను గదా,
కుట్టడమే తగ్గించింది.

నిమ్హాన్స్ చీటీ బియ్యం డబ్బాలో ఉంది.
ఓనరమ్మ కంటబడితే ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని ఓబులమ్మ.
చూపిస్తే ఇంకే ఫ్యాక్టరీ గేటూ తెరవరని వకీలు.
చూపించకపోతే కేసే లేదని కూడా
ఆయనే.

మొన్న ఆదివారం రుద్రేశి వచ్చాడు,
ఎడంచేతిలో అరటిపళ్ళ సంచి.
రాత్రయితే లేని వేళ్ళు పీకుతాయట.
అది నిజం నొప్పేనని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడట.
"నీకు?" అన్నాడు.
ఉన్న కాలు చాపాను.
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.
నీ తప్పు లేదురా అని వాడనలేదు,
నేను అనమనలేదు.
పండు మాత్రం ఒలిచిమ్మన్నాడు.
ఒలిచాను.

ఈ రోజు కార్మిక భవనంలో వాయిదా.
లిఫ్టు పనిచెయ్యట్లేదు.
ఎడంకాలు వేసి, కుడిదాన్ని వెనకే లాక్కుంటూ
ఒక్క మెట్టునీ దాంతో తొక్కకుండా ఎక్కుతున్నాను.
మలుపు దగ్గర టీ గ్లాసులతో దిగుతున్న ప్యూను
ఆగి, పక్కకి జరిగి, దారిచ్చి
"కాలికేమయింది?" అన్నాడు.

ఆ మాట లోపల అడగమను సామీ, అన్నాను.