ఎడమచేతి వాలు

నారండెరా మ్యూజియం వెనకగదిలో
మెర్ల్ హాడ్రిక్ బల్లమీద పరిచింది:
వాగా.
రెండు గోధుమపిండి గోనెలు, వాటి నడుమ
చిరిగిన కోటు, దర్జీ పారేసిన ఉన్ని ముక్కలు.
మా భాషలో బొంత అంటామన్నాను.
"బొంత." నోట్లో చప్పరించి చూసి
బరువుగానే ఉందంది.
పొసగని కథని అతుకుల బొంత అంటామని మాత్రం చెప్పలేదు.

"మొత్తం మా నాన్నే కుట్టాడు,
గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో,
రాత్రిళ్లు, దబ్బనంతో,
గడ్డిమోపులు కట్టే పురికొసతో."
ఫారం నింపుతున్నాను.
కుట్టు: ముతక, రెండువేళ్ల ఎడం.
మిల్లు ముద్ర: ఎరుపు, సగం వెలిసింది.

చెవి కథ వింటుంటే
వేళ్లు కుట్టు చదువుకుంటూ పోతాయి, అలవాటు.
నాలుగో వరసలో ఆగాయి.
అందాకా కుడికి వాలిన కుట్లు
అక్కణ్ణుంచి ఎడమకి వాలాయి.
చిన్నవి. పళ్లబిగువున వేసినవి.
జానెడు పోయి, దారి తప్పి,
మళ్లీ గీతలో పడ్డవి.

"ఇక్కడ ఇంకెవరిదో చెయ్యి."
"లేదు, నాన్నదే."
ఎనభై మూడేళ్ల మాట, కాదనడానికి నేనెవర్ని?
సంతకానికి కలం ఇచ్చాను.
ఎడమచేత్తో అందుకుంది.

కలం కాగితానికి ఆనలేదు,
చాలాసేపు.
"లాంతరు పట్టుకోమనేవాడు," అంది చివరికి.
"లాంతరొక్కటే పట్టుకున్నాననుకున్నా, ఇన్నాళ్లూ."

ఓ మూల చిరిగి ఉంది.
ఇక్కడికొచ్చిన వస్తువుకి కొత్త కుట్టు పడకూడదని నియమం.
తలుపు దగ్గరగా వేసి
దబ్బనంలో పురికొస ఎక్కించి ఇచ్చాను.

"కుట్టినవారు" గడి
ఇంకా ఖాళీగానే ఉంది.