మొదలు ఎవర్ని అడగాలె

బ్రస్సెల్స్‌ల మీటింగట.
కొత్తవాడ చాయ హోటల్ టీవీల చూసిన,
ఇరవై ఏడు జెండాలు, ఇరవై ఏడు నీళ్ల సీసలు.
కింద ఏం పరిచిన్రో కనవడలే.
నలభై ఏండ్లు జంపఖానాలు నేసినోణ్ని,
నా కండ్లు ముందుగాల నేలనే చూస్తయి.

మా సొసైటీల గూడ ఇరవై ఏడు మగ్గాలుండె.
గల్లపెట్టె ఒక్కటే, తాళాలు మూడు.
అప్పు ఎవరిదన్న లొల్లి ఆరు నెలలు నడిచింది.
చిప్ప నర్సింహరాములు సారు
ఎర్రట్టేసి రూల్సు బుక్కు రాసిండు, ముత్యాల దస్తూరి.
అండ్ల కండెలు చుట్టే కనకలచ్చి పేరు లేదు.
కండెకు పావలా తగ్గిచ్చిన్నాడు
ఆమె ఏం అనలే.
తెల్లారి రాలే, అంతే.
మగ్గాలన్ని
ఉత్త నాడెలు పట్టుకొని కూసున్నయి.

నాకు యూరో తెల్వది.
వడ్డీ మస్తు తెలుసు.

అయ్యలారా, అమ్మలారా,
లోటు బడ్జెట్ రేపు మాట్లాడుండ్రి,
సరిహద్దులు ఎల్లుండి.
మొదలు ఆ హాలు ఊడ్చే ఆమె
ఏ బస్సుల ఇంటికి పోతదో,
ఇంటి కిరాయెంతో అడుగుండ్రి.

పోయిన నెల హాంబర్గు మూట వాపసొచ్చింది,
రంగు కొత్త రూలుకు ఆగదట.
రూలు మంచిదే గావచ్చు.
అద్దకం సాంబలింగం చేతుల పుండ్లు చూస్తే
నాకూ గట్లనే అనిపిస్తది.
గని రాసేటప్పుడు
ఆ చేతుల్ని ఎవరు పిలిచిన్రు?

టీవీల అందరు లేచి ఫోటో దిగిన్రు.
నేనింటికొచ్చి మూట విప్పిన,
ఒక జంపఖానా గడప లోపట పరిచిన.
కనకలచ్చి ఇంటికి కబురంపిన,
వస్తదో రాదో.