మర్లిపోయినోళ్ల లెక్క

కాజీపేట చౌరస్త దాటినంక
డీజిల్ షెడ్డుకు పోయే తొవ్వల
నాలుగు రేకుల కింద నా కర్రీ పాయింటు.
పొయ్యి మీద పెనం, పెనం మీద జొన్నరొట్టె,
రొట్టె మీద నా అయిదు వేళ్ల అచ్చు.

రోజుకు ఎనభై.
ఎందుకు ఎనభై అంటే ఏం జెప్పాలె,
మా అత్త ఎనభై చేసేది.

రాత్రి పదకొండుకు షట్టర్ గుంజుతుంటే
గంపల మిగిలినయి నా దిక్కే జూస్తుంటయి.
ఒకనాడు పది, ఒకనాడు ముప్పై,
వాన వడ్డనాడు యాభై.
తెల్లారితే ఎదురింటి బర్రె
నన్ను జూసి తోక ఊపేది.
దాని లెక్కల నా యాపారం మస్తుగ నడుస్తున్నట్టు.

ఇన్నయ్య సారు గూడ్సాఫీసుల రిటైరైండు,
ముప్పై ఏండ్లు వ్యాగన్లు లెక్కవెట్టిన మనిషి.
షుగరొచ్చి అన్నం బందు,
రోజూ రెండు రొట్టెలు, పచ్చిపులుసు.
ఒకనాడు పాత క్యాలెండరు ఎనుకకు తిప్పి గోడకు కొట్టిండు.
"ఓదెమ్మా, ఎన్ని వోతే అన్ని గీతలు బొగ్గుతోని గియ్యి,
మూడు నెలలదాక నన్నేం అడుగకు" అన్నడు.

గీసిన.
శనివారం ఒక్కపొద్దులోళ్లు, గీతలకు జాగ సాలలే.
ఆదివారం కోడికూర వాసనకు
కాలనీ అంత అన్నం దిక్కు మర్లింది,
ఆ వరుస పండ్లూడిన నోరు.

సగటు తీస్తే అరవై రెండు.
"అయితే రేపటిసంది అరవై రెండే చేస్త" అన్న.
సారు నవ్విండు.
"సరింగ అరవై రెండు అమ్మిన రోజు
ఈ తొంభైల ఒక్కటి సూపెట్టు."
బొగ్గు వేలుతోని ఒక్కొక్క గడి ఎతికిన.
లేదు.

తర్వాత ఖర్చు.
పిండి అయిదు, గ్యాసు రెండు, ఏడు అన్న.
"నీ రెక్కలు?"
నేను సప్పుడు జెయ్యలే.
రెక్కలకు ఒక ధర ఉంటదా అని
ఇరవై ఏండ్లల ఎవ్వలు అడుగలే.
ఆయనే రాసిండు, రెండు.
తొమ్మిది రూపాయల రొట్టె
పదిహేనుకు అమ్మితే మిగిలేది ఆరు.

"ఒక్కటి మిగిల్తే తొమ్మిది వోతది,
ఒక్కటి తక్కువ వడితే ఆరే వోతది.
అంటే పది దినాలల్ల ఆరు దినాలు
నీ గంప ముందే ఖాళీ కావాలె."
కాయితం మీద గీత గొట్టి తేల్చిండు.

నాకు కడుపుల ఎట్లనో అయ్యింది.
పదింబావుకు షిఫ్టు దిగొచ్చే రాజలింగు,
గోర్లల్ల గ్రీసు, కండ్లల్ల నిద్ర,
వాన్ని పదిట్ల ఆరు రాత్రులు మర్లగొట్టుడా?

"సారూ, వాడు ఉత్త రొట్టెకు రాడు.
రొట్టె ఉంటేనే పుంటికూర పప్పు కట్టించుకుంటడు.
రొట్టె లేకుంటే పప్పు గూడ గిన్నెలనే ఉంటది.
దాంట్ల రొట్టెకు పది చొప్పున నాకు మిగుల్తది."

సారు పెన్ను ఆగింది.
ఆరు కొట్టేసి పదహారు రాసిండు.
"వ్యాగనుకు పప్పు ఉండదు గదా, నాకు తట్టలే."
లెక్క మొత్తం బోర్ల వడ్డది.
ఇప్పుడు పదిట్ల ఆరు దినాలు సరిపోవాలె,
నాలుగు దినాలు తక్కువైతే కానియ్యి.
శనివారం డెబ్బై ఎనిమిది,
ఆదివారం నలభై ఒకటి,
మబ్బు వడితే ఎనిమిది తగ్గియ్యి.

బర్రె ఇప్పుడు నన్ను గుర్తువడ్తలేదు.

క్యాలెండరు మీద ఇంకో వరుస
సారు చెప్పకముందే గీసుకున్న.
ఇన్నేండ్లు మిగిలినయే లెక్కవెట్టిన,
అవి కండ్ల ముందట ఉంటయి గాబట్టి.
మర్లిపోయినోళ్లు ఏ గంపల కనవడరు.

నిన్న మబ్బు జూసి ఎనిమిది తగ్గించిన.
మబ్బు పత్తా లేకుంట పోయింది.
"అయిపోయినయా అక్కా" అని
జవాబు ఇనకముందే తిరిగినోళ్లు నలుగురు.
నాలుగు ఇంటూ గుర్తులు వెట్టిన.
నాలుగోది రాజలింగుది,
బొగ్గు జెర గట్టిగ ఒత్తిన,
ఇరిగింది.