నలభై ఒకటో మనిషి

హ్యాండిల్ అప్పుడే తిప్పకు, గిద్యోనూ.
ముందు ఏటిని చూడు.

అదిగో ఆ కొంగ,
ఏటి నడిమధ్యన మోకాలిలోతులో నిలబడింది చూశావా?
మొన్నటిదాకా అక్కడ నిలువులోతు.
రాత్రికి రాత్రి ఇసుక మేట మకాం మార్చేసింది.
మన వైనతేయకి దస్తావేజులుండవు,
హద్దురాయి పాతితే రాయే కొట్టుకుపోతుంది.

నల్లగా, నూనె పూసినట్టున్న చోట లోతు.
వరసగా ముడతలు పడ్డచోట అడుగున ఇసుక.
గుర్రపుడెక్క ఒకేచోట గుండ్రంగా తిరుగుతుంటే
పూలు బాగున్నాయని దగ్గరికి పోకు.

ఇవన్నీ మా మామ వీర్లంకయ్య చెప్పినవి.
ఆయనకి అక్షరం రాదు, తిథి వచ్చు.
అష్టమికి పోటు నీరసం, అమావాస్యకి పొగరు.
రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుందని
తలుపుచెక్క మీద సుద్దగీతలు గీసేవాడు.
నేను ఫోనులోనూ చూస్తాను, తలుపూ చూస్తాను.
రెండూ ఒకటే చెబితే కట్టు విప్పుతాను.

ఎదుటి రేవుకి పోవాలంటే
ఎదుటి రేవుకేసి చూడకూడదు.
ఎగువన ఆ మొండి తాడిచెట్టు లేదూ,
అణియం దానికి గురిపెట్టు.
ఏరు నిన్ను కిందికి లాగి లాగి
సరిగ్గా మెట్ల దగ్గర దింపుతుంది.
ఇది పాటుకి.
పోటెక్కేటప్పుడు తాడిని మర్చిపో,
దిగువన ఐసు ఫ్యాక్టరీ గొట్టం నీ గురి.

ఈ ముడి వెయ్యి.
బరువు పడితే బిగియాలి, కొస లాగితే జారాలి.
కళ్ళు మూసుకుని వెయ్యి.
చేతులు తడుపుకుని, ఎడమచేత్తో, మళ్ళీ.

పెట్టెకి తాళం లేదేమని అడిగావు కదూ.
ఉండేది.
కొత్త జాకెట్లు మాసిపోతాయని యజమాని వేశాడు.
తాళంచెవి అమలాపురంలో, ఆయన జేబులో.
ఒకరోజు సుత్తి తీసి పగలగొట్టాను.
జీతంలో మూడొందలు కోశాడు.
ఇదిగో ఆ తాళం, మోకు కొసకి కట్టాను,
మనం లోతు చూసే గుండు ఇదే.

మామకి అన్నీ తెలుసు, గిద్యోనూ,
కాదనడం ఒక్కటే తెలియదు.
"పాపం, చీకటి పడుతోంది కోడలా, ఎక్కనీ" అనేవాడు.
ఆఖరిసారి ఎంతమందిని ఎక్కించాడో
ఇప్పటికీ లెక్క తేలలేదు.
ఏదో చూద్దామని అందరూ ఒకే పక్కకి లేచారట.
బోల్తాపడ్డ పడవని పట్టుకుని వేలాడినవాళ్ళు
తెల్లారేసరికి ఇళ్ళకి చేరారు.
ఒడ్డు దగ్గరేనని ఈదినవాళ్ళని వెతికాం.
మామ బాగా ఈదేవాడు.
ఇసుకలో దొరికిన చెప్పులు లెక్కపెట్టాను,
బేసి వచ్చింది.

పక్కచెక్క మీద ఆ నలభై అంకె నేను రాసిందే.
ఏటా వర్షాలయ్యాక మళ్ళీ దిద్దుతాను.
మొన్న మాఘంలో పెళ్ళివారొచ్చారు.
నలభైమంది ఎక్కారు.
నలభై ఒకటోవాడు డోలు వాయించేవాడు.
"ఒక్కణ్ణేగా, అమ్మా" అన్నాడు.
పెళ్ళిపెద్ద ఐదొందల నోటు తీశాడు.
నేను కట్టు విప్పలేదు.
అరిచారు. ఆడదాన్ని సరంగుని చేస్తే ఇంతేనన్నారు.
చివరికి డోలు పడవెక్కింది, మనిషి ఒడ్డున మిగిలాడు.

ఏరు ఆ పూట పళ్ళెంలో నీళ్ళలా ఉంది.
గాలి లేదు, అల లేదు, ఏమీ కాలేదు.
రెండో దఫాలో అతన్ని తెచ్చేసరికి
తాళి కట్టడం అయిపోయింది, మేళం లేకుండా.
"ఇంకొకడు ఎక్కితే ఏమయ్యేది?" అని
ఊరంతా నన్నే అడిగింది.
ఏమీ అయ్యేది కాదేమో.
నాకు తెలియదు.
తెలుసుకోవాలనీ లేదు.

సరే, వేలు తడిచేసి గాలెటో చెప్పు.
తోడే డబ్బా అమరంలో ఉందా?
మోటారుసైకిలు నడిమికి జరిపించు.
ఎంతమంది?
నలభై అంటావా?
మళ్ళీ లెక్కపెట్టు.
ఆ మూలనున్నామె కొంగు కింద
చంటిపిల్ల ఉంది, చూడు.