రెండు వేళ్ల తడి

భూత్పూర్ జిన్నింగ్ మిల్లు ఎనుక
ఎర్ర మొరం మైదానంల పన్నెండు చుట్ల పందెం.
మన్నెంకొండ దిక్కు మొగులు కమ్మింది,
కాకి రంగు మొగులు,
కడుపుల ఏమున్నదో చెప్పని మొగులు.

కుర్మూర్తి హెల్మెట్ చంకల వెట్టుకొని
"అత్తా, ఏ టైరు?" అన్నడు.

డీసీఎంల రెండు జతలున్నయి.
దగ్గర పండ్లది పొడి నేలను కొరికి పడ్తది,
బురద ఇరికిందా, బోడిగుండే.
ఎడం పండ్లది బురదను నమిలి ఉమ్మేస్తది,
పొడి మొరం మీద ఉరికిస్తె మాత్రం
ఆరు చుట్లకే పండ్లూడిన ముసల్ది.
పద్దెనిమిదేండ్ల సంది టైర్లు ఎక్కించి దించిన చేతులియి.
నాకు తెల్వంది టైరు కాదు,
మొగులు.

నిరుడు మిరుగు నాడు గిట్లనే కమ్మితె
నమ్మిన.
నాలుగు పాకిట్ల పత్తి ఇత్తులు
తొలి వానకే వెట్టిపిచ్చిన.
ఎన్కనే పదిహేను దినాల ఎండ.
సాలు తవ్వి సూస్తె
ఉబ్బి, పలిగి, ఎండిన పొట్టు.
ఆ యేడు మా చెల్కల పచ్చగున్నది
సేటు కాడి అప్పొక్కటే.

గందుకే అన్న:
"పొడిదే ఉండనియ్యి. ఒట్టి బెదిరింపు మొగులు ఇది."

వనపర్తి పోరడు నవాజ్
వాళ్లన్నతోని గుసగుస మాట్లాడి
ఎడం పండ్లది ఎక్కిస్తుంటె
నవ్విన గూడ.
ఆ నవ్వు యాదికొస్తె ఇప్పటికీ చెవులు కాల్తయి.

నాలుగు చుట్లు మావే.
ఎనుకొచ్చేటోళ్లంత మా దుమ్ము తిన్నరు.
నవాజ్ బండి పొడి మీద పట్టు దొరకక
కల్లు తాగినోని లెక్క ఊగుతుండె.
ఐదో చుట్టుల
నా మణికట్టు మీద ఒక్క చినుకు,
రూపాయి బిళ్లంత,
ఎచ్చగ.

పెద్ద వానైతె నేల కడుగుతది, దారి ఇస్తది.
చిన్న వానే నూనె రాస్తది.
గోడ కాడి మలుపుల
కుర్మూర్తి బిరేకు గూడ వట్టలే,
ఎప్పటి లెక్కనే వంగిండు, అంతే.
బండి ఒక దిక్కు, పిల్లగాడు ఒక దిక్కు.
అంచుల నిలవడ్డ నా నోట్లె
అరుపు గూడ జారిపొయింది.

లేశిండు. మళ్ల తొక్కిండు. ఏడో నంబరు.

వాన ఎంతసేపు? ఏడు నిమిషాలు.
నవాజ్ జెండా దాటినంక ఎండ కొట్టింది,
మొరం మీద ఆవిరి లేశింది,
ఎవరో జిలేబీలు పంచిండ్రు.
కుర్మూర్తి నన్నొక్క మాటనలే.
అంటె బాగుండు.

మలుపు కాడికి పోయిన.
బండి జారిన చార, రెండు మూరలు,
నేల తోలు లేచిపొయింది.
వంగి వేలు వెట్టిన.
పైన ఎర్రగ, మెత్తగ, నెయ్యి లెక్క తడి.
రెండు వేళ్ల కింద పొడి.
ఊదితె లేస్తున్నది.

టైరుకు నేల తోలుతోనే పని.
ఇత్తుకు కడుపు గావాలె, జానెడు లోతు తడవాలె.
పిల్లగాడు టైరు సంగతి అడిగితె
నేను ఇత్తు జవాబు చెప్పిన.

గప్పుడే ఫోను. మా ఆయన మాసయ్య.
"వాన వడ్డదే! ఊరంత అచ్చు తోలుతున్నరు.
ఇత్తులు దీయాల్నా?"
వేలు ఇంక ఆ చారల్నే ఉన్నది.
"ఆగు," అన్న.
"ఎన్నొద్దులు?"
ఏం చెప్పాలె.
కొండ దిక్కు సూసిన. మళ్ల కమ్ముతున్నది.

డీసీఎం ఎనుక
వాడని ఎడం పండ్ల టైర్ల మీద కూసుని
మోచేతి నెత్తురు తుడువకుంట
కొత్త రబ్బరు మీది వెంట్రుకలు
ఒక్కొక్కటే పీకుతున్నడు కుర్మూర్తి.