మంగళవారం తూకం

వాదీ పొంగింది.
మందుల లారీ అవతలి గట్టునే ఆగిపోయింది.
నా దగ్గర మిగిలినవి
నాలుగు పెట్టెల వేరుశనగ ముద్ద పొట్లాలు,
ఒక కొక్కెం త్రాసు,
పిల్లల జబ్బకి చుట్టి చూసే మూడు రంగుల పట్టీ.

వరుస మాత్రం గాడిదల సంత దాకా ఉంది.

"పేరు?" అంటాను. చీటీ చాపుతారు.
చీటీ ఉంటే శరణార్థి. లేకపోతే ఊరివాళ్లు.
ఊరివాళ్ల ఆకలికి ఇంకా ఫారం అచ్చు కాలేదు.

కల్తూమా ఊరి మనిషి.
కిందటేడాది జూన్‌లో, జెనీనా కాలుతున్న రాత్రుల్లో
వాదీ దాటి వచ్చినవాళ్లకి
పెరటి దడి పీకేసి చోటిచ్చింది.
పదిహేడు మంది, ఒక్క బావి.
నవంబరుకల్లా బావి బురద కక్కింది.
విత్తనానికి దాచిన సజ్జలు అంబలైపోయాయి.
తర్వాత దగ్గు వచ్చింది, ఆ తర్వాత తట్టు.
తట్టు ఎవరినీ చీటీ అడగలేదు.

ఇవాళ వరుసలో కల్తూమా.
చంకలో మనవడు. చేతిలో చీటీ.
చీటీ మీద: బద్రుద్దీన్. పుట్టిన చోటు: జెనీనా.

బద్రుద్దీన్ నాకు తెలుసు.
పది రోజుల పసిగుడ్డుగా వాదీ దాటినవాడు.
మూడు వారాల కిందట, ఈ చాప మీదే,
నేను చెంచాతో పోస్తున్న ఉప్పు పంచదార నీళ్లు
మింగడం మానేశాడు.
వాళ్లమ్మ తయ్యిబా ఏడవలేదు.
నా చేతిలోంచి చెంచా తీసుకుని
కడిగి, బోర్లించి పెట్టింది.

"పేరు?" అన్నాను మళ్లీ.
కల్తూమా నేల చూసింది.
వెనకనుంచి తయ్యిబా గొంతు:
"బద్రుద్దీన్. రాసుకో."
పిల్లాడు ఆ పేరుకి తల తిప్పలేదు.

రూలు నాకు తెలుసు.
పోయినవాళ్ల చీటీ వెనక్కి తీసుకోవాలి,
మూల కత్తిరించి డబ్బాలో వెయ్యాలి.
కత్తెర మేకుకి వేలాడుతూనే ఉంది.

పట్టీ చుట్టాను. ఎరుపు.
ఎరుపులోనూ బాగా లోపలి ఎరుపు.
కొక్కేనికి తగిలిస్తే కేరుమన్నాడు.
ఏడ్చే ఓపికుంది, మంచిదే.
ఆరు కిలోల నూరు గ్రాములు.

బద్రుద్దీన్ ఆఖరి తూకం ఐదు కిలోల ఏడొందలు.
దాని కింద గడిలోనే రాశాను.

సాయంత్రం రిజిస్టరు మూయబోతూ చూస్తే,
చచ్చిపోయిన పిల్లాడు
నాలుగొందల గ్రాములు పెరిగాడు.
రాజధానిలో ఎవరో ఆ గీత మీద వేలు పెట్టి
కోలుకుంటున్నాడనుకుంటారు.

బయట గోడవార
తయ్యిబా పొట్లం మూల పళ్లతో చించింది.
కల్తూమా మనవణ్ణి ఆమె ఒళ్లోకి మార్చింది.
వాడు ఆ వేలు చీకి, చీకి, నిద్రపోయాడు.
తడి వేలిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు
చాలాసేపు
గాల్లోనే పట్టుకుని కూచుంది.